గేటు దగ్గరే లెక్కలు అడగకండి

సంపాదకుడు గారికి,

మార్చి వచ్చిందంటే పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో టీవీ మూగబోతుంది, చుట్టాల రాకపోకలు ఆగిపోతాయి. అంతా పిల్లల కోసమే, కాదనను. కానీ పరీక్ష రాసి బయటికొచ్చిన బిడ్డను గేటు దగ్గరే నిలదీయడం ఎవరి కోసం? మొన్న లెక్కల పరీక్ష రోజు మా ఊళ్లో చూశాను. ఆ అమ్మాయి నీళ్ల సీసా మూత తీసేలోపే తండ్రి ప్రశ్నపత్రం అందుకుని, "ఎన్ని వదిలేశావు?" అని అడిగారు. మూత మళ్లీ బిగించి, తల వంచుకుని బండెక్కింది. రాసింది ఎలాగూ మారదు, రాయబోయే పరీక్ష మాత్రం ఆ దిగులుతోనే మొదలవుతుంది.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో పొరపాట్లు జరిగాయని కూడా అప్పుడే బయటపడింది. రీకౌంటింగ్ ఉందని, సప్లిమెంటరీ రాసి అదే ఏడాది గట్టెక్కవచ్చని పెద్దలందరికీ తెలుసు. ఆ మాట ఫలితాలు రాకముందే, పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలకు చెప్పేవాళ్లు ఎందరు?

మనసు బాగోలేనప్పుడు సాయమందించే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. ఫలితాల మర్నాడు ర్యాంకుల ప్రకటనలు పేజీల నిండా వస్తాయి. దయచేసి అదే పేజీలో ఈ నంబరును, సప్లిమెంటరీ ఫీజు గడువును పెద్ద అక్షరాలతో ప్రచురించండి.

– ఒక విద్యార్థిని తల్లి, ఖమ్మం