ఆ బూడిద నేనూ మోశాను

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టోబా అగ్నిపర్వతం మీద వేసిన వ్యాసం చదివాను. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో అది పేలినప్పుడు మనిషి జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని రాశారు. అంత గట్టిగా చెప్పడానికి లేదండీ. దానికి అడ్డు చెప్పే సాక్ష్యం మా బనగానపల్లె పక్కన జ్వాలాపురంలో ఉంది. అందులో కొంత నా లారీలోనే పోయింది.

ముప్పై ఏళ్లు లారీ తోలాను. ఓ రెండేళ్లు జ్వాలాపురం గుంతల దగ్గర తెల్ల బూడిద లోడు ఎత్తేవాణ్ణి. గిన్నెలు తోమే పౌడర్‌లో కలుపుతారని చెప్పేవాళ్లు. పైన పట్టా కట్టకపోతే దారి పొడుగునా లేచేది. కంట్లో పడితే ఇసుక కంటే ఎక్కువగా గుచ్చేది. అవి పొయ్యిలో బూడిదలాంటివి కావు, సన్నటి గాజు నలుసులని మా అమ్మాయి కాలేజీలో జియాలజీ చదివేటప్పుడు చెప్పింది. గిన్నెలకు ఆ మెరుపు ఊరికే రాలేదన్నమాట!

టోబా మాకు రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం నుంచి గాలికి వచ్చిన బూడిద మా జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం ఉంది. అంతా పైనుంచి రాలింది కాదు. వానలకు చుట్టూ గుట్టల మీదది కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంది. పురావస్తు పరిశోధకులు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం అక్కడ తవ్వితే బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండింటి తయారీ తీరులో పెద్ద తేడా లేదు. పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారని వాళ్లు 2007లో 'సైన్స్' పత్రికలో రాశారు. ఎముకలు దొరకలేదు కాబట్టి ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులేనా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. మీ వ్యాసంలో ఈ వాదనకు ఒక్క వాక్యమైనా చోటిచ్చి ఉండాల్సింది.

వాదన తేలాలంటే బూడిద కదలకుండా ఉన్నచోటే ఉండాలి. కింద పొర, మీద పొర కలిసిపోతే రాయి ఏ కాలానిదో ఎవరు చెప్పగలరు? మేం లోడు ఎత్తేటప్పుడు అడ్డొచ్చిన రాళ్లు ఏరి పక్కన పారేసేవాళ్లం. వాటిలో ఎన్ని గొడ్డళ్లో, ఎన్ని గీకుడురాళ్లో! తవ్వేవాళ్లను తిట్టి లాభం లేదు, మాకు అది కూలి. మిగిలిన గట్ల చుట్టూ కంచె వేసి, ఇదేమిటో తెలుగులో ఓ బోర్డు పెట్టమని పురావస్తు శాఖను అడుగుతున్నాను.

మీ విలేకరి వస్తానంటే, బూడిద పొర ఇంకా చెదరకుండా ఏ గట్టులో ఉందో నేనే దగ్గరుండి చూపిస్తాను. పొద్దున్నే రమ్మనండి, ఎండెక్కితే ఆ తెలుపు వంక చూడలేం.

– ఓ మాజీ లారీ డ్రైవర్, బనగానపల్లె, నంద్యాల జిల్లా