కాటా చూస్తున్నారు, కట్టు చూడటం లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మాది కరీంనగర్ జిల్లా గంగాధర ప్రాంతం. గ్రానైట్ ట్రైలర్ నడుపుతాను. క్వారీలో బండలు ఎక్కించుకుని రైల్వే యార్డులో దించడం నా పని. అక్కడి నుంచి అవి గూడ్స్‌లో కాకినాడ పోర్టుకు పోతాయి. నేను తిరిగే దూరం తక్కువే. ‘దగ్గరే కదా, బండను గొలుసులతో కట్టడం ఎందుకు’ అనే మాట అందుకే పుట్టింది.

ఘనపు మీటరు గ్రానైట్ రెండున్నర టన్నుల పైనే తూగుతుంది. ట్రైలర్ అడుగున ఇనుప రేకు, దాని మీద కోసిన బండ. వాన పడితే, బురద చేరితే జారుడే. బ్రేక్ వేస్తే బండి ఆగుతుంది గానీ బండ క్యాబిన్ వైపు వస్తుంది. మలుపులో పక్కకు వస్తుంది. ‘ఇంత బరువు ఎక్కడికి కదులుతుందయ్యా’ అంటారు క్వారీలో. కదిలాక ఆపడం ఎవరి తరమో మాత్రం చెప్పరు. కింద చెక్క దిమ్మెలు, పైన గొలుసులు, వాటిని బిగించే టైటర్లు ఉండాలి. చాలా బండ్లలో బండ పక్కన ఆసరాగా పెట్టేది రాళ్ల ముక్కలే!

2022 చివర్లో మహబూబాబాద్ జిల్లా కురవి మండలంలో లారీ మీది గ్రానైట్ బండలు ఆటోపై పడి ముగ్గురు చనిపోయారు. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని, కంకరంతా ప్రయాణికుల మీద పడింది. 19 మంది పోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా కొన్నాళ్లు తనిఖీలు జోరుగా సాగుతాయి, బండ్లను కాటా ఎక్కిస్తారు. మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకు 20 వేల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు. మంచిదే. కానీ గొలుసు పట్టుకుని లాగి చూసిన అధికారి ఇంతవరకు నాకు ఎదురుపడలేదు. కాటాలో బరువు సరిపోతే చాలు, కట్టు లేని బండి దర్జాగా పోతుంది.

డ్రైవరే కట్టుకోవచ్చు కదా అంటారు. గొలుసులు కొనాల్సింది ఓనరు. ఆయనకు కిరాయి టన్ను లెక్కన, మాకు బత్తా ట్రిప్పు లెక్కన. కట్టడానికి ఆగితే వెనక బండివాడు హారన్ ఆపడు. అసలు గొలుసు తగిలించే కొక్కేలే లేని ట్రైలర్లు ఉన్నాయి. తీరా బండ పడితే అరెస్టయ్యేది డ్రైవరు. ఎక్కించిన క్వారీ పేరు ఎక్కడా వినపడదు.

గనుల శాఖ కాగితం లేకుండా బండ క్వారీ దాటదు. ఆ కాగితం మీదే ఎన్ని గొలుసులు వేశారో రాసి, ఎక్కించినవారు సంతకం పెట్టాలి. ఫిట్‌నెస్‌కు వచ్చిన ట్రైలర్‌కు బ్రేకులు, లైట్లతో పాటు కొక్కేలు కూడా చూడాలి. ఇవన్నీ కుదరడానికి టైం పడుతుందంటే, ముందుగా బడి పిల్లల ఆటోలు తిరిగే వేళల్లోనైనా కట్టు లేని బండిని గేటు దాటనివ్వొద్దని కలెక్టర్ గారు ఒక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక ట్రైలర్ డ్రైవర్, కరీంనగర్ జిల్లా