ఆ నిధికి దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలి? కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారికి బహిరంగ లేఖ

అశ్వినీ వైష్ణవ్ గారికి,
నమస్కారం.

ఐటీ శాఖ మీ దగ్గరే ఉంది, సమాచార ప్రసార శాఖా మీ దగ్గరే ఉంది. వీడియో గేమ్‌ల సంగతి ఈ రెంటికీ చెందుతుంది కాబట్టి, ఇద్దరి చుట్టూ తిరిగే పని లేకుండా మీకే రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియో నడుపుతున్నాను. సొంతంగా గేమ్‌లు తయారుచేసే మాలాంటి వాళ్లకు ఒక నిధి కావాలని అడగడానికే ఈ లేఖ.

2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చి, డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించారు. దాని మీద నాకు పేచీ లేదు. రమ్మీ యాప్‌లు ఇళ్లను ఎలా గుల్ల చేస్తాయో చూసి తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చుకున్నాయి. మీ చట్టంలో పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌నూ, సరదాకి ఆడే సోషల్ గేమ్‌లనూ ప్రోత్సహిస్తామని కూడా ఉంది. ఆ తేడా బ్యాంకుల దాకా ఇంకా చేరలేదు. లోన్ కోసం వెళ్తే మేనేజర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో డబ్బులు పెట్టి ఆడతారా?" లేదండీ, సినిమా టికెట్‌లాగా ఒకసారి కొనుక్కుని ఆడుకోవడమే అని చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. పాపం, ఓపిగ్గా చూశారు. రెండు నిమిషాలు ఆడారు కూడా. ఆ తర్వాత తాకట్టుకు ఏముందన్నారు. మా దగ్గరున్నవి కంప్యూటర్లు, కోడ్. కోడ్‌ను తాకట్టు పెట్టుకునే బ్యాంకు నాకింకా తగల్లేదు. (మా కుర్రాళ్లకు పెళ్లి సంబంధాల్లోనూ మొదటి ప్రశ్న రమ్మీ గురించే. అది మీరు తీర్చే సమస్య కాదులెండి.)

మన దేశంలో గేమ్‌ల పని లేక కాదు. పుణేలో యూబీసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్, హైదరాబాద్‌లో ఈఏ లాంటి విదేశీ గేమ్ కంపెనీలున్నాయి. విదేశీ గేమ్‌లకు ఆర్ట్ చేసిపెట్టే కంపెనీలూ బోలెడు. సొంత స్టూడియో పెట్టకముందు అలాంటి చోటే పనిచేశాను. ఒక గేమ్‌లో పాడుబడిన ఓడరేవు ఉండేది. దాని తలుపులు, పీపాలు, లంగరు గొలుసులు మా సిస్టమ్స్ మీదే తయారయ్యాయి. సాయంత్రం మోడల్ పంపితే తెల్లారేసరికి క్లయింట్ దగ్గర్నుంచి ఫీడ్‌బ్యాక్: గొలుసు మూడో లింకు దగ్గర తుప్పు ఎక్కువైంది, తగ్గించండి. తగ్గించేవాళ్లం. మళ్లీ పెంచమంటే పెంచేవాళ్లం. గేమ్ ఎంత అమ్ముడైనా మా కంపెనీకి వచ్చేది చేసిన పనికి బిల్లు మాత్రమే. పని వివరాలు బయట చెప్పకూడదనే ఒప్పందం (ఎన్‌డీఏ) మీద సంతకం పెట్టాం కాబట్టి ఆ గొలుసు చేసింది నేనని రెజ్యూమెలో చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ఆ పని తప్పని నేననను, నాకు చేతిపని వచ్చింది అక్కడే. కాకపోతే హక్కులు మనవి కానంత కాలం మిగిలేది జీతాలే. బెంగళూరు ధ్రువ ఇంటరాక్టివ్ 1997లో మొదలై, మనవాళ్లకు ఈ రంగంలో దారి వేసిన కంపెనీ. దాన్ని స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ కొనుక్కుంది. 2019లో తన వాటాను సుమారు 79 లక్షల డాలర్లకు రాక్‌స్టార్‌కు అమ్మేసింది. ఎందరో ఆర్టిస్టులను తయారుచేసిన కంపెనీకి పలికిన ధర అది.

సొంత ఆటలు తీసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' విడుదల చేసింది. అదే ఏడాది పుణే నోడింగ్ హెడ్స్ వాళ్లు 'రాజీ' కోసం ఆన్‌లైన్‌లో చందాలు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. తంటాలు పడి 2020లో విడుదల చేశారు. ఆ మధ్యలోనే ఆగిపోయే ఆటలకైతే పేర్లు కూడా మిగలవు.

ఎంత కావాలో లెక్క చెప్తాను. ఎనిమిది మంది, తలా నెలకు 50 వేలు, ఏడాదిన్నర పని. జీతాలే 72 లక్షలు. విదేశీ సినిమా మన దేశంలో షూటింగ్ చేసుకుంటే ఖర్చులో 40 శాతం దాకా, గరిష్ఠంగా 30 కోట్లు తిరిగి ఇచ్చే పథకం మీ సమాచార ప్రసార శాఖదే. ఆ ఒక్క సినిమాకు ఇచ్చే 30 కోట్లతో ఇలాంటి ఆటలు నలభై తయారవుతాయి. నలభైలో ముప్పై ఆడకపోవచ్చు. సినిమాల లెక్క మాత్రం అంతకంటే మెరుగ్గా ఉందా?

ఈ నిధి ఆలోచన నాది కాదు, మీ ప్రభుత్వానిదే. 2022 బడ్జెట్‌లో ప్రకటించిన ఏవీజీసీ (యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్) టాస్క్‌ఫోర్స్ ఆ డిసెంబరులోనే నివేదిక ఇచ్చింది. దేశీయ కంటెంట్ కోసం ప్రత్యేక ప్రొడక్షన్ ఫండ్ పెట్టమని అందులో ఉంది. ఆ తర్వాత ముంబైలో ఈ రంగానికి శిక్షణ సంస్థ వచ్చింది, కోర్సులు వస్తున్నాయి. 2025 మార్చిలో క్రియేటర్ల కోసం వంద కోట్ల డాలర్ల నిధి అని మీరే చెప్పారు. అందులో గేమ్‌ల వాటా ఎంత? దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలి? ఇక్కడ మాకు భవనాల అనుభవం ఉంది. రాయదుర్గంలో యానిమేషన్, గేమింగ్ కంపెనీల కోసం తలపెట్టిన ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన జరిగింది 2017లో. కోర్సు పూర్తిచేసిన పిల్లలు చివరికి మళ్లీ ఆ గొలుసుకు తుప్పు దిద్దే పనికే వెళ్లాలంటే ఇన్ని సీట్లు ఎందుకు?

పోలండ్ జనాభా మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సగం కూడా ఉండదు. 2011లో వచ్చిన ఒబామాకు ఆ దేశ ప్రధాని ఇచ్చిన కానుకల్లో అక్కడే తయారైన 'ద విచర్ 2' గేమ్ ఒకటి. 2016లో అక్కడ గేమ్ కంపెనీల పరిశోధనకే గ్రాంట్ల పథకం పెట్టారు. అంత దూరం ఎందుకు, 1970లలో తెలుగు సినిమాను మద్రాసు నుంచి హైదరాబాద్‌కు రప్పించడానికి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం స్టూడియోలకు స్థలాలిచ్చింది, ఇక్కడ తీసిన సినిమాలకు రాయితీలిచ్చింది.

మేం అడిగేది రెండు దశల్లో డబ్బు. ఆడి చూడదగ్గ నమూనా కోసం పది లక్షల గ్రాంటు. అది నిలబడితే మిగతా ఖర్చులో సగం, అమ్మకాల్లోంచి తిరిగి కట్టే పద్ధతిలో. ఎంపిక కమిటీలో సొంతంగా గేమ్ విడుదల చేసినవాళ్లు ఉండాలి, హక్కులు తయారుచేసినవాళ్లకే ఉండాలి. ఇంకో చిన్న విషయం. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో అమ్మితే 30 శాతం వాళ్లది. అమెరికా అమ్మకాల మీద 15 శాతం పన్ను అక్కడే కోసేస్తారు. ఇక్కడ లాభం చూపే స్థితిలో లేని కంపెనీకి ఆ పన్ను సర్దుబాటు కాదు. దీని గురించి ఆర్థిక శాఖతో మీరొక మాట మాట్లాడాలి.

బ్యాంకులకు మాత్రం వెంటనే ఒక సర్క్యులర్ వెళ్లేలా చూడండి. డబ్బు పందెం లేని గేమ్ ఏదో, ఉన్నదేదో ఒక పేజీలో రాసి పంపినా చాలు. నిధి విషయంలో మీ కార్యాలయం తేదీ చెబితే ల్యాప్‌టాప్ పట్టుకుని ఢిల్లీకి మేమే వస్తాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక గేమ్ డెవలపర్