కలెక్టర్ గారికి, మిల్లు లోపలి నుంచి

అయ్యా,

మేం జూట్ మిల్లులో కూర్చుని ఇవాళ్టికి తొమ్మిది రోజులు. రాత్రి షిఫ్టు దిగే వేళకి టైమాఫీసు గోడకి లాకౌట్ నోటీసు అంటించి ఉంది. బయటికెళ్తే మళ్ళీ గేటు తెరవరని లోపలే ఉండిపోయాం. యాజమాన్యం మీకిచ్చిన ఫిర్యాదులో దీన్ని 'ఆక్రమణ' అందట.

ఒకసారి వచ్చి చూడండి. మగ్గాలు తుప్పు పట్టకుండా రోజూ నూనె పెడుతున్నాం. గోగునార బేళ్ళ దగ్గర ఎవర్నీ బీడీ ముట్టించనివ్వడం లేదు, నిప్పంటుకుంటే ముందు పోయేది మా కూడే. పడుకునేది ఖాళీ గోనెసంచుల మీద. (కంపెనీవే, లెక్కపెట్టి తిరిగిచ్చేస్తాం.)

1936 డిసెంబరు 30న అమెరికాలోని ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ కార్మికులు ఇలాగే కూర్చున్నారు. కోర్టు ఖాళీ చేయమంది. గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ సైనికుల్ని దింపారు గానీ, కార్మికుల్ని గెంటించలేదు. ఇరుపక్షాల చేత మాట్లాడించారు. 44వ రోజున కంపెనీ దిగొచ్చి యూనియన్‌ని గుర్తించింది. అంత దూరం ఎందుకు, ముంబయి కుర్లాలో మూతపడ్డ ఫ్యాక్టరీ కమానీ ట్యూబ్స్‌ని 1988లో సుప్రీంకోర్టు కార్మికుల సహకార సంఘానికే అప్పగించింది.

మేం మిల్లు అడగడం లేదు. నాలుగు నెలల జీతం ఇప్పించండి. మా దగ్గర కోసిన పీఎఫ్ కట్టారో లేదో లెక్క చూపించమనండి. మేం చేస్తే యాజమాన్యం ఫోనెత్తదు, మీరు పిలిస్తే వస్తుంది. మీటింగ్ తేదీ చెప్పండి.

ఈలోగా గేటు దగ్గర పోలీసు వ్యాను తీయించండి. రాత్రిపూట క్యారేజీలు తెచ్చే ఆడవాళ్ళు భయపడుతున్నారు.

ఇట్లు,
మిల్లు కార్మికులు