పాట మోగుతోంది, రాసినవారి పేరేదీ?

సంపాదకులకు,

అయ్యా,

ఆగస్టు 15 వచ్చిందంటే ఊరూరా మైకుల్లో 'పుణ్యభూమి నా దేశం' మోగాల్సిందే. 1993 నాటి 'మేజర్ చంద్రకాంత్' పాట అది. తెర మీద ఎన్టీఆర్, గొంతు బాలసుబ్రహ్మణ్యం, బాణీ కీరవాణి అని చాలామంది గుక్క తిప్పుకోకుండా చెబుతారు. రాసింది జాలాది గారని మాత్రం అడిగి చూడండి, ఎంతమంది చెబుతారో! ఏటా అదే మైకులో వినిపించే 'పాడవోయి భారతీయుడా' శ్రీశ్రీ రచన కాబట్టి కాస్త నయం. ఆయన పేరైతే జనం మరీ ఎక్కువగానే గుర్తుపెట్టుకున్నారు. 'కారులో షికారుకెళ్లే' కూడా ఆయన ఖాతాలోనే వేసేవారున్నారు. అది ఆత్రేయ పాట.

ఒకప్పుడు రేడియోలో పాటకు ముందు చిత్రం, గానం, సంగీతంతో పాటు 'రచన' అని కూడా చెప్పేవారు. చదువు రానివాళ్లకు సైతం కవుల పేర్లు నోటికొచ్చాయంటే ఆ ఒక్క ముక్క చలవే. ఇప్పుడు ఫోన్‌లో పాట పెడితే కింద గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు కనిపిస్తాయి. రచయిత కావాలంటే పక్కనున్న మూడు చుక్కలు నొక్కి వెతుక్కోవాలి. పాత పాటలకైతే అక్కడ కూడా చాలాసార్లు ఖాళీయే. కొత్త సినిమాల లిరికల్ వీడియోల్లో పేరు వేస్తున్నారు, సంతోషం. గొడవంతా పాత పాటలతోనే.

పోలండ్‌లో ఇందుకు సరిగ్గా తలకిందుల వ్యవహారం. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని మిగిలింది కాస్తా పంచేసుకున్నాయి. మ్యాపులో పోలండ్ అన్న మాటే లేకుండా పోయింది. రెండేళ్లకు, ఇటలీలో నెపోలియన్ పక్షాన చేరిన పోలిష్ సైనికుల కోసం యూజెఫ్ విబిత్స్కీ ఒక పాట రాశాడు. మేం బతికుండగా పోలండ్ చచ్చిపోలేదు అంటూ మొదలవుతుంది. 1927లో అదే జాతీయ గీతమైంది. బాణీ మజుర్కా అనే జానపద నాట్య బాణీ, ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. మాటలు రాసిన విబిత్స్కీకి మాత్రం, ఆయన పుట్టిన బెండోమిన్‌లో 1978 నుంచి జాతీయ గీతం మ్యూజియమే నడుస్తోంది. కవయిత్రి మరియా కొనోప్నిత్స్కా రాసిన 'రోతా' అనే దేశభక్తి పాటను 1910లో క్రాకో నగరంలో విగ్రహావిష్కరణ సభలో పాడారు. ఈనాటికీ అది కొనోప్నిత్స్కా పాటే.

మనవాళ్లకు కవులంటే గౌరవం లేదని కాదు. అదే 1910లో గురజాడ రాసిన 'దేశమును ప్రేమించుమన్నా' ఎవరిదో బడిపిల్లవాడిని అడిగినా చెబుతాడు, పాఠ్యపుస్తకంలో పేరు ఉంటుంది కాబట్టి. సినిమా పాటకే ఈ అనాథ బతుకు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం 'మా తెలుగు తల్లికి' కూడా శంకరంబాడి సుందరాచారి గారు 1942 నాటి 'దీనబంధు' సినిమా కోసం రాసిందే. సినిమా పాట కదా అని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇది మర్యాద కోసం అడుక్కునే విషయం కూడా కాదు. రచయిత హక్కులన్నీ అమ్మేసుకున్నా, తన రచన తనదే అని చెప్పుకునే హక్కు పోదని కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ అంటోంది. సినిమా హాలు బయట పాటను వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉండాలని 2012లో చట్టాన్ని సవరించారు కూడా. పేరే నమోదు కాని చోట వాటా లెక్క ఎవరు తేలుస్తారు?

పాత క్యాసెట్ల, రికార్డుల అట్టల మీద రచయితల పేర్లున్నాయి. ఆడియో కంపెనీలు వాటిని చూసి యాప్‌లకు ఇచ్చే వివరాల్లో చేర్చాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ బడి వేడుకల్లో పాటకు ముందు రచయిత పేరు చెప్పాలని ఒక సర్క్యులర్ ఇవ్వాలి. పైసా ఖర్చు లేని పని, వచ్చే జనవరి 26 లోపే చేయవచ్చు. మీ సినిమా పేజీలో పాట విడుదల వార్త వేసేటప్పుడు కూడా రచయిత పేరు వదిలేయవద్దని మనవి.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి