లైసెన్సు కోసం ఇచ్చిన వివరాలు ఎవరి చేతికి వెళ్లాయి?

సంపాదకుల వారికి నమస్కారాలు.

బండి కొన్నవారు రిజిస్ట్రేషన్ చేయించుకోక తప్పదు, నడిపేవారు లైసెన్సు తీసుకోక తప్పదు; మోటారు వాహనాల చట్టం ఈ విషయంలో ఎవరికీ వెసులుబాటు ఇవ్వలేదు. అందుకే పుట్టినతేదీ, చిరునామా, ఫోను నంబరు, బండి మీద అప్పుంటే ఆ వివరం కూడా ఆర్టీఏ వారు అడిగినవన్నీ మారుమాట లేకుండా రాసి ఇస్తాం. చట్టం బలంతో ఇలా కోట్లాది మంది నుంచి సేకరించిన సమాచారాన్ని ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు డబ్బు తీసుకుని అందించింది. ఆ విషయం మీద జరగవలసినంత చర్చ నేటికీ జరగలేదని నా బాధ.

2019 మార్చిలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ఒక విధానం తెచ్చింది. వాహన రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు ఉండే వాహన్, సారథి డేటాబేసుల సమాచారం టోకున కావాలంటే వాణిజ్య సంస్థ ఏడాదికి 3 కోట్ల రూపాయలు, పరిశోధన కోసం విద్యాసంస్థ 5 లక్షలు కట్టాలని అందులో ధర కూడా నిర్ణయించింది. ఈ సమాచారాన్ని ఇతర చోట్ల దొరికే వివరాలతో కలిపి చూస్తే ఫలానా మనిషి అని పోల్చుకోగలిగే ప్రమాదం ఉందని ఆ విధాన పత్రమే ఒప్పుకుంది, అయినా అమ్మకం ఆగలేదు. అదే ఏడాది జూలైలో 87 ప్రైవేటు కంపెనీలకు, 32 ప్రభుత్వ సంస్థలకు ఈ డేటాబేసులు అందుబాటులో ఉంచామని, దానివల్ల 65 కోట్ల రూపాయలు వచ్చాయని మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకు తెలిపారు. దుర్వినియోగం, వ్యక్తిగత గోప్యత సమస్యల వల్ల 2020 జూన్‌లో విధానాన్ని రద్దు చేశారు. 2021 ఫిబ్రవరిలో చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి వచ్చిన రాబడి 111 కోట్లు దాటింది.

రద్దును స్వాగతించవలసిందే. కానీ కంపెనీల కంప్యూటర్లలోకి అప్పటికే చేరిన ప్రతులు ఒక ఉత్తర్వుతో వాటంతట అవి చెరిగిపోవు కదా?

మా ఇంట్లో స్కూటర్ ఇన్సూరెన్సుకు ఇంకా గడువు ఉండగానే ఒకామె ఫోను చేసి బండి నంబరు, మోడలు, గడువు ముగిసే తేదీ పొల్లుపోకుండా చదివి రెన్యువల్ చేయించుకోమంది. మీకెలా తెలిసిందని అడిగితే "సిస్టంలో ఉంది మేడం" అన్న సమాధానం తప్ప మరొకటి రాలేదు. అవి రవాణా శాఖ నుంచే వెళ్లాయని నేను అనను. డీలరు దగ్గరా, పాత ఏజెంటు దగ్గరా కూడా ఉంటాయి. ఎక్కడి నుంచి వెళ్లాయో తెలుసుకునే దారి నాకు లేకపోవడమే నా ఫిర్యాదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ దారి చూపిస్తుందని ఆశించాను. తన వివరాలను ఎవరెవరితో పంచుకున్నారో అడిగే హక్కు అందులో ఉన్న మాట నిజమే, అయితే ఆ హక్కు సమ్మతి ఇచ్చిన వారికే. లైసెన్సులు, పర్మిట్ల వంటి వాటి కోసం సమ్మతి లేకుండానే వివరాలు వాడుకునే వీలును అదే చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. వెరసి, ఇవ్వక తప్పని పరిస్థితిలో వివరాలు ఇచ్చిన పౌరుడికే అడిగే హక్కు లేకుండా పోతోంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పిన దేశంలో ఇది ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

ఇది విసిగించే ఫోన్లతో ఆగే సమస్య కూడా కాదు. మన పిల్లలు ఎందరో స్థిరపడిన అమెరికాలో 1989లో రెబెకా షాఫర్ అనే నటిని వెంటాడిన వ్యక్తి, కాలిఫోర్నియా రవాణా శాఖ రికార్డుల్లోని ఆమె చిరునామాను ఒక ప్రైవేటు డిటెక్టివ్ ద్వారా సంపాదించి, ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాడు. ఆ తర్వాత 1994లో డ్రైవర్ల గోప్యత కోసం అక్కడ ప్రత్యేక చట్టం చేశారు. బాధాకరమేమంటే, లైసెన్సున్న ప్రైవేటు డిటెక్టివ్‌లకు ఆ చట్టంలోనూ మినహాయింపు మిగిలింది. మినహాయింపులు రాసేటప్పుడు మనవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తెలంగాణ చాలాకాలం వాహన్‌లో కలవకుండా సొంత వ్యవస్థ నడుపుకుంది కాబట్టి మన రవాణా శాఖ ఈ విషయంలో ఢిల్లీ వైపు వేలు చూపి తప్పుకోకూడదు. రాష్ట్రంలోని వాహనదారుల సమాచారం ఇప్పటివరకు ఏ ప్రైవేటు సంస్థకైనా ఇచ్చారా, ఇస్తే ఏ షరతుల మీద ఇచ్చారో శాఖ వెబ్‌సైటులో తెలుగులో ప్రకటించాలి. కేంద్రం కూడా 2020కి ముందు సమాచారం పొందిన ప్రతి సంస్థ నుంచి దాన్ని చెరిపేసినట్టు లిఖితపూర్వక ధ్రువీకరణ తీసుకుని పార్లమెంటు ముందు ఉంచాలి. ఇక ముందు ఏ కొత్త విధానం వచ్చినా, రిజిస్ట్రేషన్, లైసెన్సు దరఖాస్తుల్లో ప్రైవేటు సంస్థలకు వివరాలు ఇవ్వడానికి విడిగా సమ్మతి అడగాలి. కాదన్నవారికి ఆ కారణంగా ఏ పనీ ఆపకూడదు.

– ఒక పాఠకురాలు, ఖమ్మం