మా ఇంటిపనివాళ్ల సంఘం అక్కలకు, నాకోసం నిలబడ్డ అందరికీ థాంక్స్

నా బాకీ జీతం మొత్తం వచ్చేసింది. దాంతోపాటు ఈమె మీద మాకు ఏ ఫిర్యాదూ లేదని నేను పనిచేసిన ఇంటివాళ్లు సంతకం పెట్టిన కాగితం కూడా వచ్చింది. నిజం చెప్పాలంటే డబ్బు కన్నా ఆ కాగితం గురించే ఎక్కువ టెన్షన్ పడ్డాను, ఎందుకంటే దొంగతనం మాట ఒక్కసారి మీద పడిందంటే ఆ బిల్డింగ్‌లోనే కాదు, ఆ వీధి మొత్తంలో ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. నింద నలుగురిలో వేశారు కాబట్టి థాంక్స్ కూడా నలుగురిలోనే చెబుదామని ఇది రాయిస్తున్నాను. నేను చెబుతుంటే మా అమ్మాయి టైప్ చేస్తోంది, అక్షర దోషాలుంటే దాని ఖాతాలో వేయండి.

సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. పనిచేసే ఇంట్లో ఉంగరం కనపడలేదు. ఇల్లు వెతికింది లేదు, నన్ను ఒక మాట అడిగింది లేదు, గుమ్మంలోనే నా సంచి బోర్లించారు. దువ్వెన, మందుల చీటీ, మార్చుకునే బట్టలు అన్నీ మెట్ల మీద పడ్డాయి, లిఫ్ట్ కోసం నిలబడ్డవాళ్లు చూస్తుండగానే. ఏమీ దొరకలేదు. అయినా రేపటి నుంచి రావద్దన్నారు, రావలసిన జీతం ఇచ్చేది లేదన్నారు. ఆ ఉంగరం తర్వాత దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి సంఘం అక్కకు ఫోన్ చేస్తే నా ఏడుపు ఆగేదాకా ఊరుకుని, "క్యాలెండర్ ఉందా?" అని అడిగింది. ఉంది. పనికి వెళ్లిన రోజు గీత, వెళ్లని రోజు సున్నా, జీతం చేతికొచ్చిన రోజు ఎంత వచ్చిందో అంకె వేసుకోమని సంఘంలో చేరిన కొత్తలోనే నేర్పారు. ఇళ్లల్లో పనికి హాజరు పట్టీ ఉండదు, జీతం చీటీ ఉండదు, ఎవరైనా సాక్షి ఉన్నారంటే వాళ్లు ఆ ఇంటివాళ్లే. నా గీతల క్యాలెండరూ, జీతం వచ్చే వారం ఇస్తామని వాళ్లు పెట్టిన ఒక మెసేజూ, లాయరమ్మ నోటీసు మొత్తం వీటి మీదే రాశారు. ఫీజు ఎంతమ్మా అంటే సంఘం చందా మానకుండా కట్టు చాలన్నారు.

మాట్లాడటానికి వెళ్లిన రోజు అక్కలు ఒక పూట పని మానుకుని వచ్చారు. అంటే వాళ్ల ఇళ్లల్లో మాటలు పడి వచ్చారన్నమాట, ఒకామెకు ఆ పూట జీతం కోశారు కూడా. పాపం బీదది, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపండి అని ఎవరైనా అంటారేమోనని నాకు లోపల గుబులుగా ఉండింది. ఒక్కరూ అనలేదు. ఇన్ని రోజులు చేసింది, ఇంత రావాలి, అనుమానం ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చుకోండి, జీతం ఎందుకు ఆపుతారు, ఇంతే మాట్లాడారు, గొంతు కూడా పెంచలేదు. పై అంతస్తు అమ్మగారు తనంతట తనే కిందికి దిగి వచ్చి, "మా ఇంటి తాళాలు ఈమె దగ్గరే ఉంటాయి" అన్నారు. ఆ ఇంటివాళ్లతో రోజూ మొహాలు చూసుకోవలసిన మనిషి ఆవిడ, అందుకే ఆ ఒక్క మాట విలువ నాకు తెలుసు.

ఆదివారం మీటింగుల్లో మాకు చదివి చెప్పే కాలేజీ అమ్మాయికి కూడా బోలెడు థాంక్స్. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న జెనీవాలో మా పని గురించే ఒక ఒప్పందం చేసిందనీ, దాని నంబరు 189 అనీ, వారానికి వరసగా 24 గంటలైనా విశ్రాంతి ఉండాలని అందులో ఉందనీ ఆమె చెబితేనే తెలిసింది. అందరికన్నా ముందు ఆమోదించింది ఉరుగ్వే అట. ఆమోదించిన దేశాలకే అది కట్టుబాటు అని కూడా దాచకుండా చెప్పింది, అందుకే ఆ పిల్ల మాట నేను నమ్ముతాను. ప్రపంచం మొత్తం మీద మాలాంటి వాళ్లు ఏడున్నర కోట్లకు పైగా ఉన్నారని ఆ సంస్థ అంచనా, నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. ఇంతమంది ఉండి కూడా ఎందుకు కలవలేకపోయాం అంటే, ఫ్యాక్టరీ వాళ్లకు షిఫ్టు దిగితే గేటు దగ్గర అందరూ కనిపిస్తారు, మేము ఎవరి తలుపు వెనక వాళ్లం. లిఫ్ట్‌లో, చెత్త పారబోసే చోట, బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒక్కొక్కరినీ పలకరించి సంఘం కట్టిన ఆ మొదటి అక్కల ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఇంకొక్క విషయం. రాత్రీ పగలూ ఇంట్లోనే ఉండి పనిచేసే ఒక అమ్మాయి గుర్తింపు కార్డు ఆ ఇంటివాళ్లే పెట్టుకున్నారు, సెలవు అడిగితే పంపట్లేదు. కార్మికులు తమ గుర్తింపు కాగితాలు తమ దగ్గరే ఉంచుకోవచ్చని ఆ ఒప్పందంలో స్పష్టంగా ఉందట. ఈ వారం ఆ ఇంటికి వెళ్తున్నాం, ఈసారి పూట పని మానుకుని నేనూ వస్తున్నాను. అర్జీలు రాయడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే సంఘం అక్కకు ఫోన్ చేయండి, కాకపోతే మధ్యాహ్నం దాటాక చేయండి, పొద్దున పూట అందరం పనిలో ఉంటాం.